ఎత్తు పెంచిన బండి – తొందరగా అరిగిన ఇరుసు



పోయిన సంచికలో దోమల గురించి చదివినాము. ఈసారి నేను బండి ఇరుసు గురించి రాస్తున్నాను. "ఆడపిల్లకు ఇరుసుతో ఏం పని?" అని కొందరు నవ్వినారు. నవ్వినా సరే, చివరిదాకా చదవండి. ఎందుకనగా సెలవులు వస్తే మనలో చాలామంది ఆ ఇరుసు మీదనే కూర్చొని ఇంటికి పోయి వస్తాము.

ఎందుకు రాసినాను?

మా ఊరికి ఉట్నూరు నుండి రెండు వాగులు దాటి పోవాలి. మా కాకకు ఒక చిన్న పికప్ బండి ఉన్నది. అప్పు తీసుకొని కొన్నడు, నెలనెలా కిస్తు కట్టాలి. వాగులో రాళ్లు బండి అడుగుకు తగులుతున్నాయని ఒక షెడ్డులో ఎత్తు పెంచించినాడు. కమాన్ కట్టలో 5 పట్టీలు ఉంటే ఇంకో 2 వేసినారు. ఇరుసుకు, కమాన్ కట్టకు నడుమ ఇనుప దిమ్మ పెట్టినారు. టైర్లు కూడా పెద్దవి వేసినారు. బండి ఏనుగులాగా కనబడింది. మేము పిల్లలము దాని చుట్టూ తిరిగి సంబరపడినాము.

ఆరు నెలలు కూడా కాలేదు, వెనుక నుండి "హూం" అని చప్పుడు మొదలైంది. పోయిన దసరా సెలవులు అయిపోయినాక మేము ఏడుగురము హాస్టల్ పిల్లలము ఆ బండి వెనుక కూర్చొనే ఉట్నూరు బస్టాండుకు వచ్చినాము. మరునాడు కాక పత్తి లోడుతో పోతుంటే వెనుక ఎడమ చక్రము విరిగిన ఇరుసు ముక్కతో సహా బయటికి వచ్చింది. బండి ఒరిగింది. కాకకు ఏమీ కాలేదు. పత్తి మీద కూర్చున్న మా అత్తకు చెయ్యి విరిగింది.

ఫోన్‌లో కాక నాతో "కంపెనీ ఇరుసే మంచిది కాదు బిడ్డా" అన్నడు. అది నిజమేనా అని నాకు అనుమానము వచ్చింది. ఫిజిక్స్ టీచరును అడిగినాను. మన హాస్టల్‌కు బోయినపల్లి మార్కెట్ నుండి కూరగాయలు తెచ్చే బండి అన్నను అడిగినాను. ఆయన బండి కిందికి వంగి అన్నీ చూపించినాడు. తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ఇరుసు అంటే ఏమిటి?

ఎడ్లబండి మనకందరికీ తెలుసు. కేస్లాపూర్ నాగోబా జాతరకు మెస్రం వంశము వాళ్లు ఎడ్లబండ్లు కట్టుకొని వస్తారు. ఎడ్లబండిలో ఇరుసు కదలకుండా ఉంటుంది, చక్రము దాని చుట్టూ తిరుగుతుంది. రాపిడి తగ్గడానికి కందెన పెడతారు. కందెన లేకుంటే బండి కిర్రుకిర్రుమని ఏడుస్తుంది.

పికప్ బండి వెనుక ఇరుసు వేరు. ఇంజన్ నుండి ఒక పొడుగు గొట్టము తిరుగుకుంటూ వెనుకకు వస్తుంది. నడుమ గుండు లాంటి పెట్టెలో పళ్ల చక్రాలు ఉంటాయి. అక్కడి నుండి కుడికి ఒకటి, ఎడమకు ఒకటి ఇనుప కడ్డీలు పోయి చక్రాలను తిప్పుతాయి. ఈ కడ్డీలే లోపలి ఇరుసులు. ఇక్కడ కందెన బదులు గ్రీజు, గేర్ ఆయిల్ ఉంటాయి. చక్రము దగ్గర బేరింగ్ ఉంటుంది.

పెద్ద లారీలలో బరువునంతా పైనున్న గొట్టమే మోస్తుంది, లోపలి కడ్డీ తిప్పుడు పని మాత్రమే చేస్తుంది. చిన్న బండ్లలో చాలావాటికి అట్లా కాదు. అదే కడ్డీ చక్రాన్ని తిప్పాలి, బరువునూ మోయాలి. అందుకే అది విరిగితే చక్రము కూడా ఊడి వస్తుంది. మా కాక బండికి జరిగినది ఇదే.

మన దగ్గరి బండ్లు

గుండ్లపోచంపల్లి రోడ్డు మీద సాయంత్రము నిలబడితే చిన్న సరుకు బండ్లు ఎన్నో కనబడతాయి. గోదాములకు, బట్టల ఫ్యాక్టరీలకు, మేడ్చల్ వైపు, కండ్లకోయ దగ్గర ఔటర్ రింగు రోడ్డుకు పోతుంటాయి. టాటా ఏస్ 2005లో వచ్చింది. మొదటి ఏస్ ఇంజన్‌కు రెండే సిలిండర్లు, 16 గుర్రాల బలము. మోయవలసిన సరుకు 750 కిలోలు. దానిని ఛోటా హాథీ అని, అనగా చిన్న ఏనుగు అని పిలుస్తారు.

మన తెలుగు నేలకు ఈ పని కొత్త కాదు. 1980లలో హైదరాబాద్ ఆల్విన్ కంపెనీ, జపాన్ నిస్సాన్ కంపెనీ కలిసి జహీరాబాద్‌లో చిన్న లారీలు చేయడానికి ఫ్యాక్టరీ పెట్టినవి. తర్వాత అది మహీంద్రా చేతికి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో ఇసుజు కంపెనీ 2016లో పికప్ బండ్ల ఫ్యాక్టరీ తెరిచింది.

కణము చూసిన ఆయనే కమానూ చూసినాడు

జీవశాస్త్రము పాఠములో రాబర్ట్ హుక్ పేరు చదివినాము. 1665లో బెరడు ముక్కలో గదులు చూసి వాటికి కణము అనే అర్థము వచ్చే పేరు పెట్టినాడు. అదే హుక్ 1678లో స్ప్రింగుల నియమము ప్రకటించినాడు. స్ప్రింగు మీద బరువు ఎంత పెరిగితే అది అంత వంగుతుంది. బరువు రెట్టింపు అయితే వంపు కూడా రెట్టింపు.

కమాన్ కట్ట కూడా ఒక స్ప్రింగే. ఒకే మందము, ఒకే పొడుగు పట్టీలు అనుకోండి. 5 పట్టీల కట్ట ఒక బరువుకు 7 సెంటీమీటర్లు దిగితే, 7 పట్టీల కట్ట అదే బరువుకు 5 సెంటీమీటర్లే దిగుతుంది. "మంచిదే కదా!" అని నేను కూడా అనుకున్నాను. కానీ కమాన్ పని బరువు మోయడము ఒక్కటే కాదు, వంగి దెబ్బను మింగడము కూడా. అది వంగకపోతే గుంతలో పడ్డప్పుడు ఆ దెబ్బ ఇరుసుకు, బేరింగుకు, పైన కూర్చున్నవాళ్ల నడుముకు పోతుంది.

ఎత్తు పెంచితే ఇంకా ఏమి జరుగును?

1. ఇంజన్ నుండి వచ్చే గొట్టానికి రెండు కొనల దగ్గర కీళ్లు ఉంటాయి. షెడ్డులో వాటిని క్రాస్ అంటారు. పుస్తకాలలో హుక్ కీలు అని కూడా అంటారు, అదే హుక్ గారు! ఈ కీలు వంపులో తిరిగితే రెండో వైపు సమానంగా తిరగదు. ఒక్క చుట్టులో రెండుసార్లు నెమ్మదిస్తుంది, రెండుసార్లు తొందరపడుతుంది. 20 డిగ్రీల వంపు ఉంటే ఈ తేడా దాదాపు 6 శాతము తక్కువ నుండి 6 శాతము ఎక్కువ దాకా ఉంటుంది. రెండు కీళ్ల వంపు సమానముగా ఉంటే ఒకదాని తప్పును ఇంకొకటి సరిచేస్తుంది. ఎత్తు పెంచినప్పుడు వంపు పెరుగుతుంది. ఇరుసు మూతి కూడా పైకో కిందికో తిరిగితే రెండు వంపులు సమానముగా ఉండవు. అప్పుడు బండి వణుకుతుంది. ఆ వణుకు క్రాస్‌ను, బేరింగును తింటుంది.

2. ముందు చక్రాలు కూడా లాగే ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌లలో ముందు ఇరుసు కీళ్లకు రబ్బరు తొడుగు ఉంటుంది. ఎత్తు పెంచితే ఆ కీలు ఎప్పుడూ వంపులోనే పనిచేస్తుంది. తొడుగు మడతల దగ్గర ఒరుసుకొని చినుగుతుంది. గ్రీజు బయటికి పోయి దుమ్ము లోపలికి వస్తుంది. అప్పుడు మలుపులో "టక్ టక్" అని చప్పుడు వస్తుంది.

3. పెద్ద టైరు వేస్తే దాని వ్యాసార్ధము 10 శాతము పెరిగిందనుకోండి. అదే లోడును లాగడానికి ఇరుసు 10 శాతము ఎక్కువ మెలి భరించాలి. స్పీడు ముల్లు 50 చూపితే బండి నిజంగా 55లో పోతుంది.

4. బరువు ఎత్తుకు పోతే మలుపులో బండి బయటి చక్రము మీదికి ఎక్కువగా ఒరుగుతుంది. నెత్తిన నీళ్ల బిందె పెట్టుకొని తొందరగా తిరిగి చూడండి, తెలుస్తుంది.

బేరింగు లెక్క

ఇది నాకు అన్నిటికంటే ఎక్కువ భయము కలిగించిన లెక్క. బాల్ బేరింగు మీద బరువు రెండింతలైతే దాని ఆయుష్షు సగము కాదు, ఎనిమిదో వంతు అవుతుంది. ఎందుకనగా 2×2×2=8. బరువు 20 శాతమే పెరిగినా 1.2×1.2×1.2=1.728. అనగా 100 రోజులు రావలసినది 58 రోజులే వస్తుంది. ఎత్తు పెంచినందువలన సరుకు బరువు పెరగదు. కానీ పట్టీలు ఎక్కువ ఉన్నాయి కదా అని మనిషి ధైర్యము పెరిగి ఇంకా నాలుగు బస్తాలు వేస్తాడు. మోసేది కమాన్ ఒక్కటే కాదు, ఇరుసు పాతదే, బేరింగు పాతదే అని మరచిపోతాడు.

ఇరుసు ఒక్కసారిగా విరగదు

ఇనుప తీగను ఇటూ అటూ వంచితే కొంతసేపటికి తెగుతుంది. ఇరుసు కూడా అంతే. చక్రము ఒక్కసారి తిరిగితే ఇరుసు ఒక్కసారి అటూ ఇటూ వంగినట్టు లెక్క. టైరు చుట్టుకొలత 2 మీటర్లు అనుకుంటే కిలోమీటరుకు 500 సార్లు, 40 కిలోమీటర్లకు 20,000 సార్లు. ముందు వెంట్రుకంత పగులు వస్తుంది, తర్వాత అది పెరుగుతుంది.

1842లో ఫ్రాన్సులో వెర్సయిల్ దగ్గర రైలింజను ఇరుసు విరిగి 50 మందికి పైగా చనిపోయినారు. తర్వాత జర్మనీలో వోలర్ అనే రైల్వే ఇంజనీరు ఇరుసులను వేలసార్లు, లక్షలసార్లు వంచి పరీక్షించి ఈ సంగతి తేల్చినాడు. మన గుండ్లపోచంపల్లి స్టేషన్ మీదుగా పోయే రైళ్ల ఇరుసులను ఇప్పుడు మనకు వినబడని ధ్వనితో పరీక్షించి లోపలి పగుళ్లు కనిపెడతారు. పికప్ బండికి అట్లాంటి పరీక్ష ఎవరు చేస్తారు? మన కళ్లు, చెవులే చేయాలి.

కాకకు చెప్పి విరిగిన ముక్క ఫోటో తెప్పించుకున్నాను. విరిగిన చోట సగము నల్లగా తుప్పు పట్టి ఉన్నది, సగము కొత్త వెండిలా మెరుస్తున్నది. నల్లని సగము పాత పగులు. అనగా మేము ఏడుగురము కూర్చొని వచ్చిన రోజు కూడా ఆ పగులు అందులో ఉన్నది.

చట్టము ఏమంటుంది?

1988 మోటారు వాహనాల చట్టము 52వ సెక్షన్ ప్రకారము కంపెనీ ఇచ్చిన, రిజిస్ట్రేషన్ కాగితములో ఉన్న వివరాలకు తేడా వచ్చేటట్టు బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. లోడు ఎక్కువైతే 2019లో సవరించిన చట్టములో 20,000 రూపాయల జరిమానా, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయలు ఉన్నవి. సరుకు బండి వెనుక మనుషులను ప్రయాణికులుగా ఎక్కించుకోవడము కూడా తప్పే.

మనము ఏమి చేయవలెను?

బండి ఎక్కే ముందు ఇవి చూడండి. వార్డెన్ మేడం గారు కూడా మన కోసము బండి మాట్లాడేటప్పుడు చూడగలరు.

- చక్రము లోపలి వైపు నూనె తడి, దానికి అంటిన మట్టి ఉన్నదా? ఉంటే సీలు పోయింది.
- బండి ఆగినాక రెండు వెనుక చక్రాల నడుమ భాగము దగ్గరికి చెయ్యి పెట్టండి, ముట్టుకోవద్దు, కాలుతుంది. ఒక్క వైపే ఎక్కువ వేడి ఉంటే బేరింగో బ్రేకో చెడింది.
- వేగముతో పాటు "హూం" శబ్దము పెరుగుతున్నదా? అది బేరింగు.
- బండి కదిలేటప్పుడు కింద "టంగ్" అంటున్నదా? అది క్రాస్.
- కమాన్ పట్టీ విరిగి ఉన్నదా? యూ బోల్టు నట్లు వదులుగా ఉన్నవా?

చివరి మాట

ఇదంతా కాకకు ఫోన్‌లో చదివి వినిపించినాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నువ్వు చెప్పింది సరే బిడ్డా. దిమ్మ తీసేస్త, టైర్లు పాతయే వేస్త. మరి వాగు ఎట్ల దాటాలె?" అన్నడు. నా దగ్గర జవాబు లేదు. ఇరుసు అరిగింది ఎత్తు పెంచినందుకు. ఎత్తు పెంచింది వాగు మీద వంతెన లేనందుకు. కంపెనీ ఇరుసు తప్పు లేదు, కాక తప్పు కూడా మొత్తము కాదు. ఇప్పుడు కాక దిమ్మలు, పెద్ద టైర్లు తీసేసినాడు. వాగు ఇవతల బండి ఆపి లోడును రెండు విడతలుగా ఎడ్లబండి మీద దాటిస్తున్నాడు. ఆలస్యము అవుతున్నది, కానీ కిస్తు కడుతున్నాడు. అత్త చెయ్యి అతికింది, బరువు మాత్రము ఎత్తలేదు. వంతెన కోసము ఊరివాళ్లు పెట్టుకునే దరఖాస్తు ఈ సంక్రాంతి సెలవులకు పోయినప్పుడు నేనే రాసి పెడతానని చెప్పినాను.

తప్పులుంటే మన్నించగలరు.

ఆలోచించి చెప్పండి (జవాబులు ఆదివారము ప్రార్థన తర్వాత నాకు చెప్పవచ్చును)

1. బేరింగు మీద బరువు మూడింతలైతే ఆయుష్షు ఎన్నో వంతు?
2. 4 పట్టీల కమాన్ కట్ట ఒక బరువుకు 6 సెంటీమీటర్లు దిగింది. అవే పట్టీలు 6 ఉంటే ఎంత దిగుతుంది?
3. మీ ఊరికి పోయే దారిలో వంతెన లేని వాగులు ఎన్ని?

– 9వ తరగతి విద్యార్థిని