గీత వెనుక లెక్క

కంప్యూటర్‌లో పెయింట్ తెరిచి ఒక్క గీతైనా గీయనివారు మనలో అరుదు. ఏటవాలు గీతను పెద్దది చేసి చూడండి, మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. తెర అంటే గ్రాఫు కాగితం లాంటిదే. ఒక్కో గడి ఒక పిక్సెల్. మామూలు గీతకు గడిని పూర్తిగా నింపాలి, లేదా వదిలేయాలి.

ఏ గడులు నింపాలి? 1962లో ఐ.బి.ఎం. ఉద్యోగి జాక్ బ్రెసెన్‌హామ్ దీనికి ఒక పద్ధతి కనిపెట్టారు. 1965లో అది అచ్చయింది. కాగితంపై పెన్నుతో గీసే ప్లాటర్ యంత్రం కోసం ఆయన దాన్ని తయారుచేశారు. ఇందులో దశాంశాలు లేవు, భాగహారం లేదు.

ఉదాహరణకు (0,0) నుంచి (5,2) వరకు గీత తీసుకుందాం. అడ్డం 5, నిలువు 2. మొదటి విలువ 2×2−5 = −1. విలువ రుణాత్మకమైతే కుడికి ఒక గడి జరిగి 4 కలపాలి. లేకపోతే కుడికీ పైకీ ఒక్కో గడి జరిగి 6 తీసివేయాలి. విలువలు వరుసగా −1, 3, −3, 1, −5. గడులు (0,0), (1,0), (2,1), (3,1), (4,2), (5,2). నిలువు ఎక్కువైతే అడ్డం, నిలువుల పాత్రలు మార్చుకోవాలి.

డిగ్రీలో దీన్ని బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నాను. పి.జి. మౌఖిక పరీక్షలో "6 ఎందుకు తీసివేశావు?" అని అడిగితే నోరు పెగల్లేదు. ఆ రాత్రి హాస్టల్‌లో గ్రాఫు కాగితంపై గడి గడి నింపుతూ కూర్చుంటే అర్థమైంది. కుడికి జరిగిన ప్రతిసారీ అసలు గీత మనకంటే కొంచెం పైకి పోతుంది. ఆ బాకీయే 2×2, అంటే 4. మనం ఒక గడి పైకి ఎక్కితే 2×5, అంటే 10 తీరుతుంది. 4 కలిపి 10 తీస్తే −6. అంతే!

బ్రష్ సంగతి వేరు. మౌస్ తానున్న చోటును ఆగి ఆగి చెబుతుంది. ప్రోగ్రాం ఆ బిందువులను కలిపి, దారి పొడవునా బ్రష్ ఆకారాన్ని రబ్బరు స్టాంపులా అద్దుతుంది. 40 పిక్సెళ్ల బ్రష్‌కు ఎడం 25 శాతమైతే 10 పిక్సెళ్లకు ఒక ముద్ర. దారిలో ఒక ముక్క 23 పిక్సెళ్లుంటే 10, 20 దగ్గర ముద్రలు పడి 3 మిగులుతుంది. కాబట్టి తర్వాతి ముక్కలో మొదటి ముద్ర 7 దగ్గర పడాలి. ఆ 3 మరిచిపోతే గీత ఒకచోట పలచన, ఒకచోట చిక్కన అవుతుంది.

కంప్యూటర్ దొరకలేదని ఆగకండి. పెన్సిల్ పట్టి (0,0) నుంచి (7,3) వరకు గీయండి. నాలుగో అడుగులో (4,2) వస్తే మీ లెక్క సరైన దారిలో ఉన్నట్టే. రాకపోతే "ఎందుకు?" అని అడగండి. నేను ఆ మాట అడగడం ఆలస్యంగా నేర్చుకున్నాను.