పూలు రాలిన ఆర్కిడ్‌ను పారేయకండి!

మనలో చాలామంది ఇళ్ళలో కిటికీ దగ్గర ఒక ఆర్కిడ్ కుండీ ఉంటుంది. పుట్టినరోజుకో, గృహప్రవేశానికో ఎవరో ఇచ్చినదే. రెండు మూడు నెలలు కళకళలాడుతుంది. తరువాత పూలన్నీ ఒక్కొక్కటిగా రాలి, ఉత్త కాడ మిగులుతుంది. "చచ్చిపోయింది" అనుకుని పారేస్తాం. మేమూ మొదటి మొక్కను అలాగే పారేశాం. రెండోదాన్ని ఎరువు ఎక్కువ వేసి చంపాం. మూడోదాని పూలు రాలేసరికి, ఇండియాకు తిరిగి వెళ్తున్న అమ్మమ్మ మా పాపతో, "పూలు రాలితే మొక్క పోయినట్టు కాదే తల్లీ! దీన్ని మళ్ళీ పూయించి నాకు చూపించాలి" అన్నారు. ఆ మాట నిలబెట్టుకోవడానికి మేము నేర్చుకున్నదే ఈ పాఠం.

ముందు మొక్కను తెలుసుకుందాం

దుకాణాల్లో ఎక్కువగా దొరికే ఈ రకం పేరు ఫెలనాప్సిస్. రాత్రిపూట దీపం చుట్టూ తిరిగే రెక్కల పురుగులా కనిపించేదని ఆ పేరుకు అర్థం. 1825లో బ్లూమ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు పెట్టిన పేరిది. అడవిలో ఇది చెట్ల కొమ్మలను పట్టుకుని పెరుగుతుంది. అయితే మన మామిడిచెట్ల మీది బదనికలాగా చెట్టు రసం పీల్చదు. వాననీటితో వచ్చే కొద్దిపాటి పోషకాలతోనే బతుకుతుంది. అందుకే దీని ఆకలి చాలా తక్కువ. వేళ్ళకు గాలి కావాలి కాబట్టే మట్టిలో కాకుండా బెరడు ముక్కల్లో పెంచుతారు.

ఎరువు: కొంచెం కొంచెంగా

రెట్టింపు ఎరువు వేస్తే రెట్టింపు పూలు వస్తాయని ఇంజనీరు బుర్రతో లెక్క వేశాం. ఆకుల కొనలు మాడాయి, వేళ్ళు నల్లబడ్డాయి! ఇప్పుడు మేము పాటించే పద్ధతి ఇది:

1. నీటిలో కరిగే 20-20-20 ఎరువు చాలు. ఆ మూడు అంకెలు వరుసగా నత్రజని, భాస్వరం, పొటాషియం పాళ్ళు.
2. డబ్బా మీద గాలను నీటికి ఒక టీస్పూను అని ఉంటే, మేము పావు టీస్పూనే కలుపుతాం.
3. ఎండిన వేళ్ళకు ఎరువు పోయకూడదు. ముందు మామూలు నీళ్ళు పోసి, తరువాత ఎరువు నీళ్ళు పోయాలి.
4. కొత్త ఆకులు, వేళ్ళు వస్తున్నప్పుడు వారానికొకసారి ఇవ్వవచ్చు. చలికాలంలో ఎదుగుదల లేకపోతే తగ్గించాలి.
5. నెలకొకసారి ఉత్త నీళ్ళు ధారాళంగా పోసి, పేరుకున్న లవణాలు కడిగేయాలి. కుండీ కింద నీరు నిలవకూడదు.

కరివేపాకు మొక్కకు పోసే బియ్యం కడిగిన నీళ్ళు దీనికి వద్దు. ఆ గంజి బెరడులో చేరి బూజు పట్టవచ్చు.

కత్తిరింపు: ఎక్కడ? ఎలా?

తులసి కొనలు తుంచితే గుబురుగా పెరుగుతుంది. ఈ ఆర్కిడ్ అలా కాదు. ఆకుల మధ్యలో ఉన్న ఒకే ఒక చిగురు నుంచే ఇది పైకి ఎదుగుతుంది. దాన్ని ఎన్నడూ తుంచకండి. అక్కడ నీరు నిలిచినా కుళ్ళిపోతుంది, గుడ్డతో అద్దేయండి.

కత్తిరించవలసింది పూలు రాలిన కాడనే. దానికి చెరకుగడకు ఉన్నట్టే కణుపులు ఉంటాయి. కాడ పచ్చగా ఉండి, మొక్క బలంగా ఉంటే, కింది నుంచి మూడో కణుపుకు అర అంగుళం పైన కత్తిరించండి. ఆ కణుపుల నుంచి పక్కకొమ్మ రావచ్చు. కాడ గోధుమరంగుకు తిరిగి ఎండినా, మొక్కకు రెండు మూడు ఆకులే ఉన్నా, కాడను మొదలు దగ్గరే తీసేయండి. అప్పుడు మొక్క తన బలాన్ని కొత్త ఆకులకు వాడుకుంటుంది.

కుండీ బయటికి పాకే వెండిరంగు వేళ్ళు ఆరోగ్యమైనవే, కోయకండి. మెత్తగా కుళ్ళినవాటిని మాత్రం కుండీ మార్చేటప్పుడు తీసేయాలి. కత్తెరను ముందుగా రబ్బింగ్ ఆల్కహాల్‌తో తుడవాలి. ఒక మొక్క తెగులు మరోదానికి అంటకుండా ఉంటుంది. కత్తెర పని పిల్లలు పెద్దల దగ్గరుండి చేయాలి.

మొదలంటా కోసిన మొక్క కూడా మళ్ళీ పూస్తుంది. శరదృతువులో కొన్ని వారాలు రాత్రి ఉష్ణోగ్రత 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దరిదాపులకు దిగితే కొత్త కాడ వేస్తుంది. ఎండ నేరుగా మాడ్చని తూర్పు కిటికీ దీనికి మంచి చోటు.

చివరికి ఏమైంది?

నవంబరు మొదట్లో మా పాప కణుపులు లెక్కపెట్టింది, మేము కత్తిరించాం. డిసెంబరంతా ఏమీ లేదు. రోజూ చూసి నిరాశపడేది. సంక్రాంతికి ఒక కణుపు ఉబ్బి చిన్న కొమ్మ తొంగిచూసింది. శివరాత్రి వెళ్ళాక మొదటి పువ్వు విచ్చింది. వీడియోలో చూపిస్తే అమ్మమ్మ కాసేపు మాట్లాడలేదు. తరువాత, "మురిపెంకొద్దీ నీళ్ళు ఎక్కువ పోయకే!" అన్నారు.

పిల్లలూ, ఇది మీ పని: మీ ఇంటి ఆర్కిడ్ కాడకు ఎన్ని కణుపులున్నాయో లెక్కపెట్టండి. వేరు, బెరడు, కాడ, కణుపు, మొగ్గ అనే అయిదు మాటలతో బొమ్మ గీసి పేర్లు రాయండి. ఇండియాలో ఉన్న మీ అమ్మమ్మకో నానమ్మకో తాతయ్యకో ఆ మాటలతోనే మీ మొక్క గురించి చెప్పండి.