గెలాక్సీ గడప దాటిన వెలుగు

విశ్వం ఆవిర్భవించిన సుమారు 3,80,000 సంవత్సరాలకు, అంతవరకు విడివిడిగా సంచరించిన ప్రోటాన్లు, ఎలక్ట్రాన్లు కలిసి హైడ్రోజన్ పరమాణువులుగా ఏర్పడ్డాయి. అప్పటికి ఒక్క నక్షత్రమైనా పుట్టలేదు. ఆ దీర్ఘకాలాన్ని శాస్త్రజ్ఞులు 'చీకటి యుగం' అన్నారు. తరువాత తొలి నక్షత్రాలు వెలిగాయి. విశ్వానికి సుమారు 100 కోట్ల సంవత్సరాలు నిండేనాటికి, గెలాక్సీల నడుమ వ్యాపించిన హైడ్రోజన్ దాదాపు అంతా తిరిగి ప్రోటాన్లు, ఎలక్ట్రాన్లుగా విడిపోయింది. ఇదే పునరయనీకరణం. ఇంతటి మార్పు తెచ్చిన వెలుగు ఎక్కడిది?

హైడ్రోజన్ పరమాణువు నుండి ఎలక్ట్రాన్‌ను వేరుచేయాలంటే 91.2 నానోమీటర్ల కన్నా తక్కువ తరంగదైర్ఘ్యం గల అతినీలలోహిత కాంతి కావాలి. హైడ్రోజన్ వర్ణపటాన్ని 20వ శతాబ్ది ఆరంభంలో పరిశోధించిన అమెరికా శాస్త్రజ్ఞుడు థియోడర్ లైమన్ పేరిట దీనిని లైమన్ అవిచ్ఛిన్న కాంతి అంటారు. అత్యధిక ఉష్ణోగ్రత గల యౌవన నక్షత్రాలు దీనిని పుష్కలంగా వెదజల్లుతాయి. అయితే దీనికి పుట్టినింటనే ఆటంకం. నక్షత్రాలను ఆవరించిన హైడ్రోజన్ దీనిని చాలావరకు గ్రహిస్తుంది. ధూళి మరికొంత హరిస్తుంది. వాయువు పలుచబడిన దారుల గుండా కొంత మాత్రమే వెలుపలికి వస్తుంది. పుట్టిన కాంతిలో వెలుపలికి వచ్చిన వంతును 'విముక్తి భాగం' అనవచ్చు.

దీనిని కొలవడం ఎలా? వెలుపలికి వచ్చిన కాంతిని దూరదర్శినితో నేరుగా లెక్కించాలి. లోపల చిక్కిన కాంతి వల్ల విడిపోయిన ఎలక్ట్రాన్లు మళ్లీ ప్రోటాన్లతో కలిసేటప్పుడు హైడ్రోజన్ ఎర్రని కాంతిని వెలువరిస్తుంది. ధూళి ప్రభావాన్ని సవరించి, ఆ ఎరుపు తీవ్రతను బట్టి లోపల నిలిచినదెంతో అంచనా వేస్తారు. తొలి యుగపు గెలాక్సీల లైమన్ కాంతి దారిలోని హైడ్రోజన్‌లోనే ఇంకిపోతుంది. కాబట్టి కొంత సమీపంలోని గెలాక్సీలను పరిశీలించి, వాటి ద్వారా తొలి గెలాక్సీల తీరును ఊహిస్తారు. భూవాతావరణం ఈ కిరణాలను అడ్డగిస్తుంది కనుక పరికరం అంతరిక్షంలో ఉండాలి.

2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుండి ప్రయోగించిన ఆస్ట్రోశాట్‌లో అటువంటి అతినీలలోహిత దూరదర్శిని ఉంది. దాని దర్పణం వ్యాసం 37.5 సెంటీమీటర్లు మాత్రమే. హబుల్ దర్పణం 2.4 మీటర్లు. అయినా దాని శోధకంలో నేపథ్య రొద అత్యల్పం. 2016 అక్టోబరులో అది 28 గంటలకు పైగా ఒక గెలాక్సీని పరిశీలించింది. సుమారు 930 కోట్ల సంవత్సరాల క్రితం బయలుదేరిన ఆ కాంతి తరంగదైర్ఘ్యం, విశ్వవ్యాకోచం వల్ల 2.42 రెట్లయింది. ఆ కాంతి నిజంగా ఆ గెలాక్సీదేనని నిర్ధారించుకోవడానికి సుమారు రెండేళ్లు పట్టింది. పూణేలోని అయుకా శాస్త్రజ్ఞుడు కనక్ సాహా నాయకత్వంలోని అంతర్జాతీయ బృందం 2020లో ఫలితాన్ని ప్రకటించింది. విముక్తి భాగం 20 శాతానికి పైమాటే.

ఒక్క గెలాక్సీతో విశ్వచరిత్ర తేలిపోదు. కాని చిన్న పరికరమైనా, నిశ్శబ్దంగా, ఓపికగా చూస్తే పెద్ద ప్రశ్నకు దారి చూపగలదని ఈ పరిశోధన నిరూపించింది. సాధనం పరిమాణం కన్నా సాధకుని నిష్ఠ మిన్న.

అర్థాలు

అవిచ్ఛిన్నం = తెంపులేనిది
దర్పణం = అద్దం
వ్యాకోచం = విస్తరించడం

ప్రశ్నలు

1. పునరయనీకరణం అనగానేమి?
2. విముక్తి భాగాన్ని ఎలా అంచనా వేస్తారో వివరించండి.
3. ఆస్ట్రోశాట్ సాధించిన ఫలితం ప్రాముఖ్యాన్ని తెలపండి.