అన్నం, పప్పు ఒకే కుక్కర్‌లో: రోగికి బలమిచ్చే పులగం



మార్కు సువార్త 5వ అధ్యాయంలో యాయీరు కుమార్తె సంగతి మీరు చదివే ఉంటారు. పన్నెండేళ్ళ ఆ అమ్మాయిని ప్రభువు లేపిన తరువాత, ఆమెకు తినడానికి ఏమైనా పెట్టమని ఇంటివారితో చెప్పాడు. స్వస్థత కలిగిన వెంటనే భోజనం సంగతి వచ్చింది. ఆ పని ఇంటివారికే అప్పగించబడింది. మందు ఇవ్వడం డాక్టర్ల పని, నర్సుల పని. కానీ రోగి కోలుకునే రోజుల్లో పూట పూటకూ ఏమి పెడుతున్నామన్నది మీ చేతుల్లో ఉంది. ఈ పాఠంలో అలాంటి ఒక వంట గురించి తెలుసుకుందాం. అది మనందరికీ తెలిసిన పులగం, అంటే పెసరపప్పు, బియ్యం కలిపి వండిన మెత్తని అన్నం. కొందరు దీన్నే కిచిడీ అంటారు.

గంజి ఒక్కటే చాలదు

ఉప్పల్, నాచారం, మల్లాపూర్, రామంతాపూర్ బస్తీల నుంచి, వరంగల్ రోడ్డు వెంట ఉన్న ఊళ్ళ నుంచి వచ్చే చాలా కుటుంబాలలో ఒక అలవాటు కనిపిస్తుంది. జ్వరం వచ్చినా, ఆపరేషన్ అయినా, విరేచనాలు పట్టుకున్నా రోగికి పలుచని గంజి, బ్రెడ్, కొబ్బరినీళ్ళు మాత్రమే ఇస్తారు. "లంఖణం పరమౌషధం" అనే మాట పెద్దల నోట వింటూనే ఉంటాం. ఒకటి రెండు పూటలకు అది సరిపోవచ్చు. కానీ పది రోజులు, పదిహేను రోజులు అలాగే సాగితే జబ్బు తగ్గుతున్నా మనిషి కరిగిపోతాడు. కండ తగ్గుతుంది, పుండు మానడం ఆలస్యమవుతుంది, మంచం దిగి నాలుగు అడుగులు వేసే శక్తి కూడా ఉండదు.

వార్చిన పలుచని గంజిలో నీళ్ళు, కొంచెం పిండిపదార్థం తప్ప మాంసకృత్తులు నామమాత్రంగానే ఉంటాయి. కొత్త కండ పెరగడానికి, గాయం మానడానికి కావలసినవి మాంసకృత్తులే. 50 కిలోల బరువున్న ఆరోగ్యవంతునికే రోజుకు సుమారు 40 గ్రాముల మాంసకృత్తులు కావాలి. జబ్బుపడి లేచిన వారికి ఇంకా ఎక్కువ అవసరం కావచ్చు.

బియ్యం, పప్పు కలిస్తే ఏమవుతుంది?

మాంసకృత్తులు ఇటుకల్లాంటి చిన్న చిన్న భాగాలతో తయారవుతాయి. వాటిని అమైనో ఆమ్లాలు అంటారు. బియ్యంలో లైసిన్ అనే భాగం తక్కువ. పప్పులో లైసిన్ బాగా ఉంటుంది కాని మెథియోనిన్ అనే భాగం తక్కువ. ఆ మెథియోనిన్ బియ్యంలో ఉంటుంది. రెండూ కలిపి తింటే ఒకదాని లోటును మరొకటి తీరుస్తుంది. ఖరీదైన డబ్బా పొడులు కొనలేని ఇంట్లో కూడా ఈ మేలు పొందవచ్చు.

కొలత కూడా కష్టమైనది కాదు. మూడు పాళ్ళు బియ్యానికి ఒక పాలు పప్పు. 60 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పెసరపప్పు కలిపి వండితే ఒక గిన్నెడు పులగం అవుతుంది. అందులో సుమారు 9 గ్రాముల మాంసకృత్తులు, 275 క్యాలరీల శక్తి ఉంటాయి. ఒక చెంచా నెయ్యి వేస్తే మరో 45 క్యాలరీలు చేరతాయి. రోజుకు మూడు గిన్నెలు తినగలిగితే 27 గ్రాములు వచ్చినట్టే. దానికి ఒక గుడ్డు, ఒక గ్లాసు పాలు, ఒక కప్పు పెరుగు తోడైతే రోజుకు కావలసిన 40 గ్రాములు దాటుతాయి.

మన పక్కనే జరిగిన పరిశోధన

ఉప్పల్ నుంచి సికింద్రాబాదు వైపు వెళ్తే హబ్సిగూడ దాటిన తరువాత తార్నాక వస్తుంది. అక్కడ జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఆ సంస్థ 1918లో తమిళనాడులోని కూనూరులో ఒక చిన్న విచారణ కేంద్రంగా మొదలైంది. 1958లో హైదరాబాదుకు మారింది. మొదట దాన్ని స్థాపించింది బెరిబెరి అనే జబ్బు గురించి పరిశోధించడానికి. కాళ్ళు తిమ్మిరెక్కి, నీరు పట్టి, గుండె బలహీనపడే ఈ జబ్బు ఆ రోజుల్లో మన కోస్తా జిల్లాలలో ఎక్కువగా ఉండేది. బాగా పాలిష్ పట్టిన పచ్చి బియ్యమే ముఖ్య ఆహారం కావడం దానికి కారణం. తవుడుతోపాటు బి1 విటమిన్ పోయేది. మిగిలిన కొంచెం కూడా పదేపదే కడిగిన నీళ్ళలో, వార్చిన గంజిలో పోయేది.

దీని నుంచి మన వంటకు రెండు సంగతులు నేర్చుకోవచ్చు. మొదటిది, బియ్యాన్ని రెండుసార్లకు మించి కడగవద్దు, గట్టిగా పిసకవద్దు. రెండవది, వార్చకుండా వండండి. కుక్కర్‌లో పోసిన ఎసరంతా అన్నంలోనే ఇగురుతుంది కనుక గంజితోపాటు పోయే విటమిన్లు గిన్నెలోనే ఉంటాయి. పప్పులో కూడా బి1 ఉంటుంది. పప్పు త్వరగా ఉడకాలని కొందరు వంటసోడా వేస్తారు. సోడా ఆ విటమిన్‌ను పాడుచేస్తుంది. వేయవద్దు.

ఈ మధ్య వచ్చిన మరో సంగతి క్షయ రోగుల కుటుంబాలు తప్పక తెలుసుకోవాలి. 2019 నుంచి 2022 వరకు జార్ఖండ్ రాష్ట్రంలోని నాలుగు జిల్లాలలో ఒక పెద్ద పరిశోధన జరిగింది. ఫలితాలు 2023లో వెలువడ్డాయి. క్షయ రోగి ఇంట్లో ఉండే మిగతా వారికి ఒక్కొక్కరికి నెలకు 5 కిలోల బియ్యం, ఒకటిన్నర కిలోల పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. అవి అందని కుటుంబాలతో పోలిస్తే వీరిలో క్షయ రావడం 39 శాతం తగ్గింది. రోగులకు కూడా ఆహారం ఇచ్చారు. మందు మొదలుపెట్టిన రెండు నెలల్లో 5 శాతం బరువు పెరిగిన రోగులలో మరణాలు సుమారు 60 శాతం తక్కువగా ఉన్నాయి. 40 కిలోల మనిషికి 5 శాతం అంటే రెండు కిలోలే. అందుచేత రోగికే కాక, రోగితో కలిసి ఉండే పిల్లలకు, పెద్దలకు కూడా పప్పన్నం కడుపునిండా దొరకాలి. మందులు వాడుతున్న క్షయ రోగులకు ప్రభుత్వం నిక్షయ్ పోషణ్ పథకం కింద 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చింది. 2024 నవంబరు నుంచి దాన్ని 1000 రూపాయలు చేసింది. ఆ డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతున్నదో లేదో చూసుకోండి.

కుక్కర్ ఎందుకు?

హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ తెరిచిన గిన్నెలో నీళ్ళు సుమారు 98 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఎంత మంట పెట్టినా అంతకంటే వేడెక్కవు. కుక్కర్‌లో ఆవిరి బయటికి పోలేక ఒత్తిడి పెరుగుతుంది కనుక వేడి సుమారు 120 డిగ్రీలకు చేరుతుంది. పప్పు గింజ లోపలి వరకు మెత్తబడుతుంది. మాంసకృత్తుల అరుగుదలకు అడ్డుపడే కొన్ని పదార్థాలు పప్పులో సహజంగా ఉంటాయి. ఈ వేడికి అవి చాలావరకు నశిస్తాయి. గ్యాస్ కూడా ఆదా అవుతుంది.

వండే విధానం

1. మూడు గుప్పెళ్ళ బియ్యం, ఒక గుప్పెడు పెసరపప్పు కలిపి కడిగి అరగంట నానబెట్టండి. పెసరపప్పు, బియ్యం దాదాపు ఒకే సమయంలో ఉడుకుతాయి, కడుపులో వాయువు కూడా తక్కువ. పెసరపప్పు లేకపోతే మసూర్ పప్పు వాడవచ్చు. కందిపప్పు అయితే గంటసేపు విడిగా నానబెట్టి తరువాత కలపండి.

2. బియ్యం, పప్పు మొత్తం ఎంత ఉంటే దానికి నాలుగు రెట్లు నీళ్ళు పోయండి. జావలా కావాలంటే ఐదారు రెట్లు. బోరు నీళ్ళలో సున్నం ఎక్కువగా ఉంటే పప్పు ఎంతసేపటికీ ఉడకదు. అలాంటి ఇళ్ళలో వంటకు కుళాయి నీళ్ళు లేదా ఫిల్టర్ నీళ్ళు వాడండి. చింతపండు, టమాట ముందుగా వేస్తే కూడా పప్పు గట్టిగా ఉండిపోతుంది.

3. చిటికెడు పసుపు, ఒక చెంచా నూనె వేయండి. నూనె వేస్తే నురుగు తక్కువగా వస్తుంది. సన్నగా తరిగిన క్యారెట్, సొరకాయ, కడిగిన మునగాకు వేసుకోవచ్చు.

4. మొదటి విజిల్ వచ్చాక మంట తగ్గించి 8 నుంచి 10 నిమిషాలు ఉంచండి. తరువాత స్టవ్ ఆపి, ఒత్తిడి దానంతటదే పోయేవరకు ఆగండి. ఈ ఆగే సమయంలో కూడా అన్నం మెత్తబడుతూనే ఉంటుంది.

5. గరిటెతో మెదిపి, నెయ్యి, జీలకర్ర పోపు వేసి గోరువెచ్చగా పెట్టండి. ఉప్పు చివర్లో, డాక్టరు చెప్పినంతే వేయండి.

ఇంటిల్లిపాదికీ ఒక వంట, రోగికి ఒక వంట చేసే ఓపిక అందరికీ ఉండదు. కుక్కర్ అడుగున రెండు గ్లాసుల నీళ్ళు పోసి, కింది గిన్నెలో అందరికీ అన్నం, పై గిన్నెలో రోగికి పులగం పెట్టండి. గిన్నెలలో పెట్టినప్పుడు మరో ఐదు నిమిషాలు ఎక్కువ ఉంచాలి.

ప్రమాదం జరగకుండా

బియ్యం, పప్పు ఉడికేటప్పుడు నురుగు పొంగుతుంది. ఆ నురుగు, పప్పు పొట్టు ఆవిరి గొట్టంలో ఇరుక్కుంటే ఆవిరికి దారి ఉండదు. కుక్కర్ పేలడానికి ఇది ఒక ముఖ్య కారణం. కనుక:

● నీళ్ళతో కలిపి కుక్కర్ సగానికి మించి నింపవద్దు.
● వండే ముందు ప్రతిసారీ మూత ఎత్తి, ఆవిరి గొట్టంలోంచి వెలుతురు కనిపిస్తున్నదో లేదో చూడండి.
● గొట్టం నుంచి ఆవిరి ధారగా వచ్చిన తరువాతే వెయిట్ పెట్టండి.
● విజిల్ రాకుండా పక్కల నుంచి ఆవిరి పోతుంటే స్టవ్ ఆపండి. వెయిట్‌ను గరిటెతో కొట్టడం, మూతను బలవంతంగా తీయడం చేయవద్దు.
● సాగిపోయిన రబ్బరు, పాడైన సేఫ్టీ వాల్వ్ స్థానంలో అదే కంపెనీ వస్తువు వేయించండి. వాల్వ్ రంధ్రాన్ని వేరే వాటితో మూయడం ప్రాణాంతకం.
● కొత్త కుక్కర్ కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు చూడండి. 2021 ఫిబ్రవరి నుంచి ఈ గుర్తు తప్పనిసరి.

ఆవిరి తగిలి ఒళ్ళు కాలితే 20 నిమిషాలు కుళాయి నీళ్ళ ధార కింద ఉంచండి. టూత్‌పేస్ట్, ఇంకు, పసుపు, ఐసు పెట్టవద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

ఆసుపత్రికి తెచ్చేటప్పుడు

వేడివేడిగా హాట్ బాక్సులో పెట్టి తీసుకురండి. ఉదయం వండినది మధ్యాహ్నం, మధ్యాహ్నం మిగిలినది రాత్రి పెట్టవద్దు. వండిన అన్నం బయట రెండు గంటలకు మించి ఉంటే అందులో ఒక రకం సూక్ష్మక్రిములు పెరిగి విషం తయారుచేస్తాయి. ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. ఆరోగ్యవంతుడికి వాంతులతో పోయేది బలహీనుడైన రోగికి ప్రాణం మీదికి తెస్తుంది. కొంచెం కొంచెం వండి, రోజుకు ఐదారుసార్లు కొంచెం కొంచెం పెట్టడం మంచిది. తినేటప్పుడు రోగిని కూర్చోబెట్టండి. పడుకోబెట్టి నోట్లో పోయవద్దు.

ముందుగా డాక్టరును అడగవలసినవారు

● కిడ్నీ జబ్బు ఉన్నవారు. వీరికి పప్పు ఎంత పెట్టవచ్చో డాక్టరు చెప్పాలి.
● షుగర్ ఉన్నవారు. మెత్తగా ఉడికిన అన్నం షుగర్‌ను త్వరగా పెంచుతుంది. వీరికి బియ్యం తగ్గించి, పప్పు, కూరగాయలు పెంచాలి.
● పక్షవాతం వచ్చి మింగడం కష్టమైనవారు. వీరికి పొలమారి ఆహారం ఊపిరితిత్తులలోకి పోవచ్చు.
● కడుపు ఆపరేషన్ అయినవారు. నోటితో తినవచ్చని డాక్టరు చెప్పేవరకు ఏమీ పెట్టవద్దు.
● ముక్కు గొట్టంతో ఆహారం తీసుకునేవారు. పులగం గొట్టంలో ఇరుక్కుంటుంది. నర్సును అడగకుండా పోయవద్దు.
● ఆరు నెలలు నిండని పసిబిడ్డలు. వీరికి తల్లిపాలే చాలు. ఆరు నెలలు నిండాక మెత్తగా మెదిపిన పులగం మంచి మొదటి ఆహారం.

మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి

1. మన రోగి నిన్న రోజంతా ఏమి తిన్నాడు? అందులో పప్పు, పాలు, గుడ్డు ఎన్నిసార్లు ఉన్నాయి?
2. చివరిసారి బరువు ఎప్పుడు చూశారు? పెరిగిందా, తగ్గిందా?
3. మన కుక్కర్ ఆవిరి గొట్టం, రబ్బరు, వాల్వ్ ఈ నెలలో ఒకసారైనా పరిశీలించారా?

ఈ మూడు ప్రశ్నలకు జవాబులు ఒక కాగితం మీద రాసుకుని, ఈసారి ఓపీకి వచ్చినప్పుడు డాక్టరుకు చూపించండి. మందుల చీటీ ఎంత ముఖ్యమో, రోగి తిన్న గిన్నెల లెక్క కూడా అంతే ముఖ్యం. మీ ఇంటి పొయ్యి దగ్గర మీరు చేసే ఈ సేవను ప్రభువు దీవించును గాక.