మెదడుకు కావలి కాసే కణాలు

ఇంట్లో పసిబిడ్డకు వారం రోజులుగా జ్వరం. వాంతులు, మగత, మెడ వంచలేకపోవడం. "మామూలు జ్వరమేలే" అని ఊరుకునే తల్లిదండ్రులు ఈ పాఠం తప్పక చదవాలి.

రక్తంలోని తెల్ల కణాలు రోగక్రిములతో పోరాడతాయని మనందరికీ తెలిసిందే. మెదడుకు మాత్రం ఈ రక్షణ వ్యవస్థతో పెద్దగా సంబంధం లేదని చాలాకాలం భావించారు. అది సరికాదని తేలింది. మెదడును కాచే కణాలు పలు రకాలు. వాటి చోటు వేరు, పని వేరు.

మొదటిది మైక్రోగ్లియా. స్పెయిన్ శాస్త్రవేత్త పియో డెల్ రియో ఓర్టేగా 1919లో వీటిని వేరుగా గుర్తించి వర్ణించాడు. బిడ్డ తల్లి గర్భంలో రూపుదిద్దుకునే తొలి వారాల్లోనే ఇవి మెదడులో చేరతాయి. అక్కడే తమ సంతతిని పెంచుకుంటూ జీవితాంతం ఉంటాయి. సన్నని కొమ్మలు చాచి ఇరుగుపొరుగును తడిమి చూస్తాయి. చనిపోయిన కణాలను తిని శుభ్రం చేస్తాయి. ఎదిగే పిల్లల మెదడులో అక్కరలేని నరాల కలయికలను తొలగించేవి కూడా ఇవే.

రెండవది మాక్రోఫేజ్‌లు. ఇవి మెదడు పొరలలో, రక్తనాళాల చుట్టూ సరిహద్దు కాస్తాయి.

మూడవది టి కణాలు, బి కణాలు. ఇవి ఎక్కువగా మెదడు పొరలలోనే ఉంటాయి. టి కణాలు మెదడు చుట్టూ ఉండే ద్రవంలో కూడా గస్తీ తిరుగుతాయి. ఆ పొరలలో శోషరస నాళాలు ఉన్నాయని 2015లో ఎలుకలపై పరిశోధనలు చూపాయి. మెదడు సమాచారం మెడలోని గ్రంథులకు చేరే దారి అదే.

అయితే కావలి అతిగా ఉన్నా ముప్పే, లేకున్నా ముప్పే. మల్టిపుల్ స్క్లీరోసిస్ అనే జబ్బులో టి కణాలు లోపలికి చొరబడి నరాల తొడుగును పాడుచేస్తాయి. వాటిని అడ్డుకునే నటాలిజుమాబ్ మందు ఆ జబ్బును తగ్గిస్తుంది. కాని ఆ మందు వాడిన కొందరిలో, శరీరంలో అణగి ఉన్న జె.సి. వైరస్ విజృంభించి మెదడును దెబ్బతీసింది.

మన దేశంలో నేటికీ కనిపించే క్షయ మెదడు వాపులోనూ ఇదే చిక్కు. క్షయ క్రిమి మైక్రోగ్లియాలోనే తిష్ఠ వేస్తుంది. దానితో జరిగే పోరాటంలో పుట్టే వాపు మెదడుకే హాని చేస్తుంది. అందుకే వైద్యులు క్షయ మందులతో పాటు వాపు తగ్గించే స్టీరాయిడ్ మందు కూడా ఇస్తారు.

కనుక తల్లిదండ్రులారా, బిడ్డ పుట్టగానే బి.సి.జి. టీకా వేయించండి. పసివారిలో క్షయ మెదడు వాపు రాకుండా అది చాలావరకు కాపాడుతుంది. జ్వరంతో పాటు మెడ బిగుసుకోవడం, మగత, ఫిట్స్, ఆగని వాంతులు కనిపిస్తే నాటు వైద్యమంటూ కాలయాపన చేయక, ఆనాడే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.