“రెండు గంటల నుండి” – నర్సింగు ప్రవేశ పరీక్షార్థినులకు ఒక ఆంగ్ల వ్యాకరణ పాఠము

సైనిక నర్సింగు కళాశాలలలో చేరగోరు విద్యార్థినులు ‘నీట్’ పిదప సామాన్య ఆంగ్లముతో కూడిన మరియొక పరీక్షను వ్రాయవలసి యున్నది. అందు మనవారు తరచుగా తడబడు ఒక్క అంశమును మేమిచట వివరింపదలచితిమి.

తెలుగున “మూడు దినముల నుండి జ్వరము”, “సోమవారము నుండి జ్వరము” అందుము. ఉర్దూలో “తీన్ దిన్ సే”, “పీర్ సే” అందుము. రెండు భాషలలోను ప్రత్యయ మొక్కటే. ఆంగ్లమున గడచిన కాలపు కొలతకు ‘ఫర్’, ఆరంభ సమయమునకు ‘సిన్స్’ వాడవలెను. క్రియయు మారును. ‘షి ఈజ్ హావింగ్ ఫీవర్ సిన్స్ త్రీ డేస్’ అనుట తప్పు. ‘షి హాజ్ హాడ్ ఫీవర్ ఫర్ త్రీ డేస్’ అనుట ఒప్పు.

మన శ్రీహరికోటనే ఉదాహరణముగా గైకొందము. ఇచట తొలి రోహిణి రాకెట్టు 1971 అక్టోబరు 9న ఎగిరినది. కావున రాకెట్ల ప్రయోగము ‘సిన్స్ 1971’. ఏండ్లు లెక్కించినచో ‘ఫర్ ఓవర్ ఫిఫ్టీ ఇయర్స్’.

ఇది మార్కులకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. “రెండు గంటల నుండి ఆయాసము” అని రోగి బంధువు చెప్పెననుకొందము. రెండు గంటల సేపా? మధ్యాహ్నము రెండింటి నుండియా? సాయంత్రము ఆరింటికి ఈ మాట విన్న నర్సు అడిగి తెలిసికొనక వ్రాసినచో, వైద్యుని లెక్కలో రెండు గంటలు తప్పును. ఉర్దూలో “దో ఘంటే సే”, “దో బజే సే” అని భేదము కలదు. తెలుగున ప్రశ్నించియే తేల్చుకొనవలెను.

అభ్యాసము: “నిన్న రాత్రి నుండి దగ్గు, ఐదు గంటల నుండి వాంతులు.” ఆంగ్లీకరింపుడు. వ్రాయుటకు ముందు రోగిని ఏమి అడుగవలెనో కూడ తెలుపుడు.