జ్ఞాపకాల గద్దె: ఒక మిశ్రమ శిల్పం

తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి, సూరత్‌లోని లింబాయత్ వంటి పేటల్లో మరమగ్గాలను నమ్ముకుని బతుకుతున్న పద్మశాలి కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. పెత్తరమాస నాడు పెద్దలకు బియ్యం ఇచ్చి, ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మను పేర్చడం ఆ ఇళ్లలో మీరు చూసే ఉంటారు.

మెక్సికో దేశంలోనూ ఇటువంటి ఆచారం ఉంది. ఏటా నవంబరు 1, 2 తేదీల్లో అక్కడివారు గతించిన తమవారి కోసం ఇంట్లో మెట్లుమెట్లుగా గద్దె కడతారు. దానిపై ఫోటో, నీళ్లు, ఉప్పు, రొట్టె, కొవ్వొత్తులు, ఆ మనిషికి ఇష్టమైన తిండి ఉంచుతారు. గద్దె నిండా బంతిపూలే. ఆ వాసన పట్టుకుని పెద్దలు ఇంటిదారి తెలుసుకుంటారని వారి నమ్మకం. మనం బతుకమ్మలో పేర్చే బంతికి పుట్టినిల్లు కూడా ఆ దేశమే!

ఆ గద్దెను పండుగ తర్వాత తీసేస్తారు. మనం చేయబోయేది నిలిచి ఉండే శిల్పం. అట్ట, కాగితం, గుడ్డ, దారం వంటి వేర్వేరు వస్తువులు కలిపి చేస్తాం కనుక దీన్ని మిశ్రమ శిల్పం అంటారు.

పెద్దది, నడిమిది, చిన్నది మూడు అట్టపెట్టెలు తీసుకోండి. కింది పెట్టెలో ఇసుక సంచి పెట్టండి. లేకుంటే శిల్పం ఒరుగుతుంది. మైదాను నీళ్లలో కలిపి, ఉండ కట్టకుండా ఉడికించి జిగురు చేయండి. పెట్టెలను మెట్లుగా అతికించి, జిగురులో తడిపిన కాగితపు పట్టీలను నాలుగు పొరలు వేయండి. ఒక పొర ఆరాకే మరొకటి వేయాలి. వానాకాలంలో తొందరపడితే బూజు పడుతుంది.

సూరత్‌లో దొరికే పేలికలు ఎక్కువగా పాలిస్టరువి. మైదా జిగురుకు అవి సరిగా అంటవు, సూదీదారంతో కుట్టండి. మెట్ల అంచులకు జరీ ముక్కలు, ఖాళీ కండెలు బాగుంటాయి. పాలిస్టరు మంటకు కరిగి అంటుకుంటుంది. కాబట్టి దీపాన్ని శిల్పం మీద కాక, దూరంగా పళ్లెంలో పెట్టండి.

పై మెట్టుపై ఫోటో నకలు ఉంచండి, అసలుది వద్దు. ఫోటోయే లేని పెద్దలు మన ఇళ్లలో ఎందరో! అటువంటప్పుడు మడత పెట్టిన కండువా చాలు.

నడిమి మెట్టే కష్టమైనది. అక్కడ బజారు బొమ్మ కాదు, ఆ మనిషి వాడిన వస్తువు ఉండాలి: తాత కళ్లద్దాలో, చేమగ్గం నాటి నాడెయో. అది ఊళ్లోనే ఉండిపోయిందా? దాని ఆకారాన్ని కాగితపు గుజ్జుతో చేయండి. కొలతలు తప్పినా ఫరవాలేదు, ఇంటివాళ్లు చూడగానే గుర్తుపట్టాలి.

అభ్యాసం: మీ ఇంట్లో గతించిన ఒకరి చేతిలో ఎక్కువగా మెదిలిన మూడు వస్తువుల పేర్లు రాయండి. వాటిలో ఏది నడిమి మెట్టుపై ఉంచుతారు? ఎందుకు? ఐదు వాక్యాల్లో రాయండి.